మూడో స్పీకరు

గుడివాడ,
4 ఆగస్టు 2003

బావా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్కడా బాగానే ఉంటారు కాబట్టి ఆ కుశలప్రశ్నలతో ఇన్‌లాండ్ కవరు సగం నింపకుండా అసలు సంగతికి వస్తున్నాను.

మొన్న ఫోన్ చేస్తే మళ్ళీ హైమావతి చెల్లెమ్మే ఎత్తింది. నువ్వు పక్కనే ఉన్నావని నాకు తెలుస్తూనే ఉంది. "ఉత్తరం రాయమంటున్నారు అన్నయ్యగారూ" అని చెప్పి పెట్టేసింది. ఊళ్ళో అందరూ చేతిలో సెల్లు పట్టుకుని తిరుగుతుంటే నాకు మాత్రం నీ పుణ్యమా అని పోస్టాఫీసు మెట్లెక్కే యోగం పట్టింది. గుమాస్తా నన్ను చూడగానే అడక్కుండానే ఇన్‌లాండ్ కవరు తీసి పెడుతున్నాడు.

సంగతేమిటంటే, మన ఆర్కెస్ట్రాకి గిటార్ ప్రాసెసర్ కొన్నాను. మద్రాసు నుంచి తెప్పించాను. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది, అంతే. నీ గిటార్ వైరు అందులో పెట్టడం, అందులోంచి ఇంకో వైరు తిన్నగా మన మైక్‌సెట్ శోభనాద్రి మిక్సర్‌లోకి ఇవ్వడం. నీ యాంప్లిఫయర్ పెట్టెతో పనే లేదు. లోపల నలభై యాంపుల గొంతులు దాచిపెట్టారు. కాలితో ఒకసారి నొక్కితే ఒకటి, ఇంకోసారి నొక్కితే ఇంకొకటి.

కాబట్టి నీ సింహాసనానికి ఇక విశ్రాంతి. బందరు నరసింహంగారు పాత రేడియోల వాల్వులతో ఆ యాంప్ కట్టి పద్దెనిమిదేళ్ళయింది. దాని పెట్టె గిలకలదిండిలో పడవలు చేసే వడ్రంగి చేత చేయించావు. ఏటిలో పడేసినా అది మునగదేమో కానీ మోసేవాళ్ళ నడుములు విరుగుతున్నాయి. లోకంలో గిటారిస్టులందరూ యాంప్ వెనకాల పెట్టుకుని వాయిస్తారు. నువ్వొక్కడివే దాని మీదెక్కి కూర్చుని వాయిస్తావు. పైగా నా కీబోర్డు వైరు కూడా దాని రెండో రంధ్రంలోనే పెట్టాలంటావు. నీ వాల్యూమ్ చూస్తే ఏడాదికో గీత పైకి పోతోంది. నీ పక్కన నిలబడితే తన పాట తనకే వినపడటం లేదని జ్యోతిర్మయి నాలుగు ప్రోగ్రాముల నుంచీ మొత్తుకుంటోంది. ఎంత మంచి గాయనైనా విసుక్కోదా మరి.

చవితి పందిరికి పెడన వాళ్ళు పిలిచారు. ప్రాసెసర్‌ని అక్కడే మొదలుపెడదాం. రెండు రోజులు ముందొచ్చి చెయ్యి అలవాటు చేసుకో.

నీ ఉమాశంకర్


అవనిగడ్డ,
9 ఆగస్టు 2003

బావకి,

ఉత్తరం చేరింది. హైమావతి నిన్నూ పుష్పావతి చెల్లెల్నీ అడిగానని రాయమంది.

ప్రాసెసర్ వద్దు. కొనేముందు ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

వాల్వు వేడెక్కాక తీగ మీటితే వేలికిందే పలుకుతుంది. మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే కాస్త గరగరగా. ఆ డబ్బాలో ఉండేది యాంప్ కాదు, యాంప్ ఫోటో. ఇంకొకటి. తిన్నగా మిక్సర్‌కి పంపితే చప్పుడంతా జనం ముందున్న బాక్సుల్లోంచి వస్తుంది. స్టేజీ మీద వాయించేవాడికి ఏం తెలుస్తుంది? స్టేజీ వైపు తిరిగుండే మానిటర్ బాక్సులు రెండూ పాడేవాళ్ళ ముందే పెడతావు.

నువ్వు కొన్నదాన్ని పారెయ్యమనను. ఒక వైరు మిక్సర్‌కి ఇవ్వు, ఇంకో వైరు నా పెట్టెకి ఇవ్వు. నీ కీబోర్డు వైరు ఎప్పటిలాగే రెండో రంధ్రంలో పెట్టు. వాల్యూమ్ ఎంత తగ్గించమంటే అంత తగ్గిస్తాను. జ్యోతిర్మయికి అస్సలు వినపడనంత తగ్గించినా సరే. పెట్టె మాత్రం స్టేజీ మీద ఉండాలి, నేను దాని మీద కూర్చోవాలి. మోసేవాళ్ళు లేకపోతే వ్యాన్ దగ్గర నుంచి నేనే మోస్తాను.

దుర్గారావు


గుడివాడ,
16 ఆగస్టు 2003

బావా,

నీ ఉత్తరం ఆర్కెస్ట్రాలో అందరికీ చదివి వినిపించాను. యాంప్ ఫోటో అన్నమాటకి శోభనాద్రి పడీ పడీ నవ్వాడు. కానీ వినపడనంత తగ్గించుకుని వాయించేదానికి ఆ బండరాయి ఎందుకు, దాని బదులు కుర్చీ వేస్తే సరిపోదా అని కూడా వాడే అడిగాడు. సమాధానం నీ దగ్గరుంటే రాయి.

నిరుడు ఎదురుమొండి ప్రోగ్రాం మర్చిపోయావా? పెట్టెని పంటు మీదకెక్కించి ఏరు దాటించేసరికి అందరి ప్రాణాలూ తోకకొచ్చాయి. తీరా వెళితే కరెంటు ఉండీ లేనట్టుంది. నీ వాల్వులు మూలగడం తప్ప పలకలేదు. జనరేటర్ వేస్తే దాని రొదంతా నీ యాంప్‌లోంచి వచ్చింది. నీ పెట్టె ముందు మైకు పెడితే గిటార్‌తో పాటు డ్రమ్ములు కూడా అందులోనే దూరాయి. శోభనాద్రి ఆ రోజు ఏడవడం ఒక్కటే తక్కువ. ప్రాసెసర్‌కి ఈ గొడవలేవీ లేవు. ఏ ఊరికి తీసుకెళ్ళినా ఒకటే గొంతు.

వాల్వు ధ్వనిలో మాధుర్యం ఉంది, కాదనను. అది పందిట్లో జీళ్ళు కొనుక్కునే వాళ్ళకి తెలుస్తుందా? నువ్వూ నేనూ తప్ప ఎవరు గమనిస్తారు?

కనుక పెట్టె రాదు. ఇందులో నా మాటే చెల్లాలి బావా, కోప్పడకు. నీకోసం మంచి కుర్చీ వేయిస్తాను.

ఉమాశంకర్


గుడివాడ,
8 సెప్టెంబరు 2003

దుర్గారావూ,

పెడన నుంచి వచ్చి రెండు రోజులైంది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, రాస్తున్నాను.

రెండో పాటకి ముందు జ్యోతిర్మయి గొంతు బాగా లేదు, అర శ్రుతి దించమంది. స్టేజీ మీద అందరి ముందే చెప్పింది. నేను కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి దించాను. బేస్ వాడు దించాడు. నువ్వొక్కడివే పాత శ్రుతిలో మొదలుపెట్టావు. పోనీ పొరపాటు, మొదటి చరణంలో సర్దుకుంటావనుకున్నాను. పాట మొత్తం అలాగే వాయించావు. నేను కళ్ళతో సైగ చేస్తే తల వంచుకుని గిటార్ చూసుకుంటూ కూర్చున్నావు. అద్దకం పనివాళ్ళు, మగ్గాల వాళ్ళు, పిల్లా జెల్లా అందరూ ఈలలు వేశారు. సగంలో జ్యోతిర్మయి ఏడుపు ఆపుకుంటూ పాడింది. పదిహేడేళ్ళ పిల్ల కాదు, తనకీ పేరుంది.

ఇరవయ్యేళ్ళ నుంచీ తప్పు స్వరం వాయించనివాడికి ఆ రోజే ఎలా పోయింది శ్రుతి? వ్యాన్‌లో అందరి ముందూ అడిగాను. "యాంప్ లేకపోతే ఇలాగే తగలడుతుందని చూపించడానికి కావాలనే చెడగొట్టావు కదూ" అన్నాను. చీకట్లో తలూపి నవ్వావు. ఎవడైనా అంత మాట పడి నవ్వుతాడా? ఆ నవ్వు నాకింకా కళ్ళలోనే ఉంది.

కావాలనే చేశావో లేదో నాకు నువ్వే చెప్పు.

ఉమాశంకర్


అవనిగడ్డ,
13 సెప్టెంబరు 2003

బావకి,

కావాలనే వాయించాను.

పెట్టె లేకుండా కుదరదని ముందే రాశాను. నువ్వు పట్టించుకోలేదు. జ్యోతిర్మయికి నేను క్షమించమన్నానని చెప్పు. ఆవిడ తప్పేమీ లేదు.

పెట్టె మీ షెడ్డులోనే ఉండనీ. దాని మీద బరువులు పెట్టనివ్వకు. నీ కోపం తగ్గాక కబురు చెయ్యి, వచ్చి దాని మీద కూర్చుంటాను.

దుర్గారావు


గుడివాడ,
19 సెప్టెంబరు 2003

శ్రీ దుర్గారావు గారికి,

మీ ఉత్తరం అందింది. ఒప్పుకున్నందుకు సంతోషం.

దసరా ప్రోగ్రాములకు జయంత్ అని ఇంజనీరింగ్ చదివినతను గిటార్ వాయిస్తాడు. అతనికి ప్రాసెసర్ అలవాటే. ఇకమీదట మీరు శ్రమపడి రానక్కర్లేదు.

ఆర్కెస్ట్రా తరపున,
ఉమాశంకర్


మచిలీపట్నం,
23 మే 2004

బావా,

ఈ పిలుపు చూసి నువ్వు ఉత్తరం చింపెయ్యకుండా ఉంటే చాలు. చింపేసినా తప్పు నీది కాదు.

నేనిప్పుడు నరసింహంగారి రేడియో షాపులో, ఆయన బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. ఆయన అన్నం తిని వస్తానని వెళ్ళారు. ఆయన ఎదురుగా ఈ ఉత్తరం రాయలేను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నీ పెట్టె ముందువైపున్న రెండు స్పీకర్లూ ఉగాదికి ఊడదీసి శోభనాద్రికి ఇచ్చేశాను. ఎండలో, వానలో ఊరేగింపులకు తిప్పాడు, రెండూ కాలిపోయాయి. మిగిలిన పెట్టె షెడ్డులో అడ్డంగా ఉందని, వాల్వులైనా ఎవరికైనా పనికొస్తాయేమోనని ఇవాళ వ్యాన్‌లో వేసుకుని ఇక్కడికి తెచ్చాను. నువ్వు బరువులు పెట్టనివ్వద్దని రాస్తే నేను చేసింది ఇది.

నరసింహంగారు వెనక చెక్క విప్పలేదు. తిన్నగా పై పలక మరలు విప్పారు. దాని కింద ఇంకో స్పీకర్ ఉంది బావా. నోరు పైకి పెట్టి, నువ్వు కూర్చునే చోటికి సరిగ్గా కింద బిగించి ఉంది. నేనెప్పుడూ చూడనిది. ఇదేమిటండీ అంటే ఆయన నా మొహం వింతగా చూశారు. అయిదేళ్ళ కిందట నువ్వే వచ్చి పెట్టించుకున్నావట. పలక పుచ్చిపోయింది, మార్పిస్తానని మాతో చెప్పి తెచ్చావే, అప్పుడు.

"అతనికి చెవులు పోతున్నాయి కదయ్యా. నీ కీబోర్డూ తన గిటారూ రెండూ పలకలో తెలియాలని చేయించుకున్నాడు. రెంటికీ శ్రుతి కలవకపోతే పలక దడదడలాడుతుంది, అప్పుడు సర్దుకుంటాడు. ఎవరితోనూ అనొద్దని ఒట్టేయించుకున్నాడు. నువ్వు తెలిసే మాన్పించావనుకున్నాను" అన్నారు.

తెలిసే మాన్పించానని ఆయన ఎనిమిది నెలలుగా అనుకుంటున్నారు. నన్ను చూసి కుర్చీ వెయ్యలేదు, ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఆయన వెళ్ళాక వాల్వులు వేడెక్కించి, షాపులో ఉన్న గిటార్ ఒకటి తగిలించి, చెవుల్లో దూది కుక్కుకుని నీ పెట్టె మీద కూర్చున్నాను. లావు తీగ మీటితే వెన్నులోకి తెలిసింది. రెండోది తెలిసింది. సన్న తీగలకి వచ్చేసరికి ఏమీ లేదు, ఉత్త చెక్క మీద కూర్చున్నట్టే ఉంది. మరి ఇన్నేళ్ళూ ఆ సన్న తీగల మీద వాయించిన ఆ ముక్కలన్నీ, జనం మళ్ళీ మళ్ళీ అడిగి వాయించుకున్నవన్నీ, నువ్వు ఏ ఆధారంతో వాయించావు? కేవలం వేళ్ళ జ్ఞాపకంతోనా? నా పక్కనే కూర్చుని వాయించావు. నాకు తెలియలేదు.

ఫోన్ ఎత్తవని వెక్కిరించాను. వాల్యూమ్ పెరుగుతోందని వెక్కిరించాను. వినపడకపోయినా పెట్టె ఉండాలని నువ్వు రాస్తే అది అందరికీ చదివి వినిపించి నవ్వించాను. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. ఒక్క వైరు, బావా. నువ్వడిగింది పెట్టెకి ఒక్క వైరు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది చెప్పకపోతే ఉత్తరం రాసి లాభం లేదు. ప్రాసెసర్ నిజంగానే బాగా పనిచేస్తోంది. ఎదురుమొండి మళ్ళీ వెళ్ళాం, చిన్న సంచిలో పట్టుకెళ్ళాం. జయంత్ బుద్ధిమంతుడు, చెప్పినట్టు వాయిస్తాడు. నాకు హాయిగా ఉంది. నా కోపం దీపావళికే పోయింది. పోయినా నిన్ను పిలవలేదు. పిలిస్తే మళ్ళీ ఆ బరువు మొయ్యాలని పిలవలేదు. పెడనలో నిన్నన్న మాట కంటే నాకు ఇదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

పెట్టెని రేపు అవనిగడ్డ బస్సు మీద వేయిస్తున్నాను. ముందు స్పీకర్లు లేవు కాబట్టి అది ఇక స్టేజీకి పనికిరాదు. మూడోది బాగానే ఉంది, నరసింహంగారు కొత్త వైరు వేశారు. బయటికి పెద్దగా చప్పుడు రాదు. కూర్చున్నవాడికి తప్ప.

నీకు వీలైతే నాలుగు తిట్లయినా రాయి.

ఉమాశంకర్


అవనిగడ్డ,
2 జూన్ 2004

బావా,

పెట్టె దిగింది. బస్టాండు నుంచి రిక్షా మీద వేసుకొచ్చాం. హైమావతి దాన్ని తడిగుడ్డతో తుడిచి, పసుపు బొట్టు పెట్టి, ఆ తరవాత లోపలికెళ్ళి ఏడ్చింది. నీ ఉత్తరం ఆవిడకి నేనే చదివి వినిపించాను. నేను చదువుతుంటే మా ఇంట్లో అందరికీ వినపడుతుంది, వీధిలో వాళ్ళక్కూడా. నా గొంతు ఎంత పెద్దదైపోయిందో నాకు తెలియదు కదా.

తిట్టమన్నావు. తిట్టాలని చాలాసార్లు అనిపించింది. ఇప్పుడు తిట్లకి బదులు జరిగింది రాస్తున్నాను.

వ్యాన్‌లో నువ్వన్నది నాకు వినపడలేదు. చీకట్లో నీ పెదాలు కనిపించలేదు. అందరూ నావైపు తిరిగేసరికి ఏదో పరాచికం ఆడుతున్నావనుకుని నవ్వాను. నువ్వేమన్నావో నీ ఉత్తరం వచ్చాకే చదివాను.

పెడనలో జరిగింది ఇది. జ్యోతిర్మయి నీవైపు తిరిగి ఏదో అంది, నువ్వు తలూపావు. పాట మార్చారేమోనని నీ చేతులు చూశాను. నీ చేతులు ఎప్పుడూ ఉండే మెట్ల మీదే ఉన్నాయి. ధైర్యంగా మొదలుపెట్టాను. బటన్ నొక్కితే చేతులు కదలకుండానే శ్రుతి దిగుతుందని నాకు తెలుసు, ఆ నిమిషంలో తట్టలేదు. కింద కుర్చీ ఏమీ చెప్పలేదు. పెట్టె అయితే మొదటి మీటుకే చెప్పేసేది. ఈలలు వేస్తుంటే మెచ్చుకుంటున్నారనుకున్నాను.

కావాలనే వాయించానని ఎందుకు రాశానని నువ్వు అడగలేదు కానీ చెబుతాను. చెవిటి గిటారిస్టుని ఎవరూ పిలవరు. మొండివాణ్ణి కోపం తగ్గాక మళ్ళీ పిలుస్తారు. నువ్వు పిలుస్తావనుకున్నాను. దసరా అయింది, సంక్రాంతి అయింది, కల్యాణాలు అయ్యాయి. పోస్టుమాన్ వచ్చే వేళకి అరుగు మీదే ఉండేవాణ్ణి.

దసరా దాకా కుడిచెవిలో కాస్త మిగిలి ఉండేది బావా. జ్యోతిర్మయి పైస్థాయికి వెళితే తెలిసేది. నీ కీబోర్డులో వేణువు తెలిసేది, శ్రుతి తేడా మాత్రం పట్టేది కాదు. మాఘమాసానికి అదీ పోయింది. బెజవాడ డాక్టరు మిషను పెట్టినా లాభం లేదన్నాడు. ఇది నీ మీద నేరం మోపడానికి కాదు, పిలిచినా పోయేదే. కానీ ఆ ఒక్క దసరా మీతో వాయించి ఉండేవాణ్ణి.  నా తప్పూ ఉంది. నరసింహంగారికి చెప్పిన మాట నీకు చెప్పలేకపోయాను. ఆయన మెకానిక్కు, ఏది పోయినా బాగుచేస్తానంటాడు. నువ్వు జాలిపడతావని భయం.

స్టేజీకి నేనిక రాను. జయంత్‌ని అలాగే ఉండనీ. ప్రాసెసర్ మంచిదే, ఎవరికి సరిపడితే వాళ్ళకి అది మంచిదే. యాంప్ ఫోటో అని నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. జ్యోతిర్మయికి మాత్రం నిజం చెప్పు, కావాలని చేశానని ఆవిడ అనుకుంటూ ఉండకూడదు.

రోజూ పొద్దున టిఫిన్లయ్యాక పెట్టె మీద కూర్చుంటున్నాను. సన్న తీగలు రెండూ నువ్వు చెప్పినట్టే తెలియవు. మిగతా నాలుగూ బాగానే తెలుస్తున్నాయి. ఒక్కడినే వాయించుకుంటే ఎప్పుడూ శ్రుతి కలిసినట్టే ఉంటుంది, తప్పేదో ఒప్పేదో చెప్పేవాళ్ళు లేరు.

పలక వెడల్పు కొలిచాను. ఇద్దరం కాస్త ఒదిగి కూర్చోవచ్చు. రెండో రంధ్రం ఖాళీగానే ఉంది. ఓ ఆదివారం కీబోర్డు తీసుకుని రా. మాట్లాడే పని లేదు, నాకెలాగూ వినపడదు. పెడనలో చెడిపోయిన ఆ పాటే వాయిద్దాం. ట్రాన్స్‌పోజ్ బటన్ మాత్రం ముట్టుకోకు.

నీ దుర్గారావు